ఎక్కువ కోస్తే ఎక్కువ మేలా? క్యాన్సర్ సర్జరీని మార్చిన ట్రయల్స్

క్యాన్సర్ చికిత్స చరిత్ర అని ప్రశ్న వస్తే మనం వెంటనే మందుల పేర్లు రాసేస్తాం. కానీ గడ్డగా పెరిగే క్యాన్సర్లలో ఒక పెద్ద మలుపు కొత్త మందుతో రాలేదు, రెండు చికిత్సలను నిజాయితీగా పోల్చి చూడటంతో వచ్చింది.

అమెరికన్ సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 1894లో ప్రచురించిన పద్ధతిలో రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు, చంకలోని లింఫ్ గ్రంథులు కూడా తీసేసేవారు. క్యాన్సర్ గడ్డ నుంచి పక్కకు క్రమంగా పాకుతుందని, కాబట్టి ఎంత వెడల్పుగా కోస్తే అంత మేలని ఆయన నమ్మకం. చెయ్యి వాచిపోయేది, భుజం సరిగా లేచేది కాదు. అయినా దాదాపు 80 ఏళ్లు అమెరికాలో ఇదే ప్రధాన పద్ధతి. మధ్యలో అనుమానించినవాళ్లు లేకపోలేదు. ఆ అనుమానాన్ని తేల్చే పద్ధతే వాడలేదు.

పిట్స్‌బర్గ్ సర్జన్ బెర్నార్డ్ ఫిషర్ వాదన వేరు. క్యాన్సర్ కణాలు మొదట్లోనే రక్తం ద్వారా ఒళ్లంతా చేరగలవు, అలాంటప్పుడు కండరం కోసి లాభమేంటి? 1971లో మొదలైన బి-04 ట్రయల్‌లో 1,600కు పైగా మహిళలకు ఏ చికిత్స అన్నది లాటరీలా నిర్ణయించారు. (‘రాండమైజేషన్’ అంటే ఇదే.) హాల్‌స్టెడ్ ఆపరేషన్ వల్ల ఆయుష్షు పెరగలేదని తేలింది. 1976లో మొదలైన బి-06 ఇంకో అడుగు వేసింది: గడ్డ, దాని చుట్టూ కొంత కణజాలం మాత్రమే తీస్తే? 20 ఏళ్ల తర్వాత చూసినా, బతికినవారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే అదే రొమ్ములో క్యాన్సర్ తిరిగి రావడం రేడియేషన్ ఇచ్చినవారిలో 14.3 శాతం, ఇవ్వనివారిలో 39.2 శాతం. అందుకే ఈ రెండూ కలిపే చేస్తారు.

ఎథిక్స్ పేపర్‌కు పనికొచ్చే మరక కూడా ఇందులో ఉంది. మాంట్రియల్‌లో ఒక డాక్టర్ కొందరు రోగుల వివరాలు తప్పుగా నమోదు చేశారని 1994లో బయటపడి పెద్ద దుమారం రేగింది. ఆ రోగులను తీసేసి మళ్లీ లెక్కకట్టారు. ఫలితం మారలేదు.

ఇంతవరకు చదివి ‘ట్రయల్స్ అంటే సర్జరీ తగ్గించడం’ అని నోట్స్‌లో రాసుకోకండి. మన దేశంలో పొగాకు, గుట్కా తెచ్చిపెట్టే నోటి క్యాన్సర్ చూడండి. తొలిదశలో మెడ గ్రంథులను ముందే తీసేయాలా, క్యాన్సర్ అక్కడికి పాకాక తీయాలా అన్నది పాత వివాదం. ముంబైలోని టాటా మెమోరియల్ ట్రయల్ ఫలితాలు 2015లో వచ్చాయి. మూడేళ్ల తర్వాత ముందే తీసినవారిలో 80 శాతం, ఆగి తీసినవారిలో 67.5 శాతం బతికి ఉన్నారు.