దారిలో కూడు: సత్రం నించి ‘సైవం’ బోర్డు దాకా

హోసూరు నించి కృష్ణగిరికి బస్సులో పోతా ఉంటే రోడ్డుకు రెండు పక్కలా హోటళ్లు కనిపిస్తాయి. కొన్నిటిపై ‘సైవం’, కొన్నిటిపై ‘అసైవం’ అని అరవంలో రాసుంటుంది. బెంగుళూరు పక్క పోతే ‘మిలిటరీ హోటల్’ అని కూడా ఉంటుంది. అక్కడ సిపాయిలేమీ ఉండరు, మాంసం కూర ఉంటుంది. ఈ బోర్డులు ఇప్పుడు తట్టలో ఏముంటుందో చెప్తాయి, అంతే. వందేళ్ల కిందట కొన్ని బోర్డులు లోపలికి ఎవరు రావచ్చో కూడా చెప్పేవి.

హోటళ్లు లేని కాలంలో దూరం పొయ్యేవాళ్లు ఎట్లా తినేవాళ్లు? ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’లో దీనికి జవాబు దొరుకుతుంది. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే నెలలో పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చినాడు. ప్రతి మజిలీలో సత్రం ఉందా, నీళ్లు మంచివా, అంగళ్లలో సామాన్లు దొరుకుతాయా అని రాసిపెట్టినాడు. అంటే డబ్బున్న మనిషికి కూడా దారిలో వంట తన మనుషులే చెయ్యాల. లేనివాళ్లకు సద్దిమూటే గతి. రాజులు, ధనవంతులు కట్టించిన సత్రాలు ఉన్న మాట నిజమే. కానీ చాలా సత్రాల్లో ఉచిత భోజనం బ్రాహ్మణులకే, తక్కినవాళ్లకు పడుకోను చోటు.

తర్వాత రైళ్లొచ్చినాయి. 1905లో తిరుపత్తూరు నించి కృష్ణగిరికి కూడా చిన్న రైలు వేసినారు. రైల్లో అన్ని కులాలవాళ్లూ ఒకే పెట్టెలో కూర్చున్నారు గానీ, స్టేషన్ హోటల్లో బ్రాహ్మణులకు వేరే చోటు ఉండేది. దీని మీద పెరియార్ రామస్వామి గారు గట్టిగా పోరాడినారు. 1941లో ఆ పద్ధతి పోయింది.

ఊళ్లలో హోటళ్లు పెట్టినవాళ్లలో ఉడిపి పక్క నించి వచ్చిన వంటవాళ్లు చాలామంది. బెంగుళూరులో ఇప్పుడు అందరికీ తెలిసిన ఎం.టి.ఆర్. కూడా 1924లో ‘బ్రాహ్మణ కాఫీ క్లబ్’ అనే పేరుతోనే మొదలయింది. బ్రాహ్మణుడు వండింది ఎవరైనా తినొచ్చనే నమ్మకం ఆ రోజుల్లో ఉండేది కాబట్టి ఆ పేరు వ్యాపారానికి పనికొచ్చింది. దళితులకు మాత్రం అట్లాంటి చాలా హోటళ్ల వాకిలి దాటను వీలుండేది కాదు. ఇడ్లీ గురించి రాసేవాళ్లు పిండి పులవడం గురించి ఎంతో రాస్తారు, ఈ వాకిలి గురించి రాసేది తక్కువ.

1950లో మన రాజ్యాంగం అమలుకొచ్చింది. దాని 15వ అధికరణంలో అంగళ్లు, హోటళ్ల పేరు పెట్టి మరీ, కులం చూసి ఎవరినీ ఆపగూడదని రాసినారు. అయినా బోర్డుల మీద పేర్లు ఉండిపోయినాయి. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో మురళీ కేఫ్ ముందర, బోర్డులో ‘బ్రాహ్మణ’ అనే మాట తీసెయ్యాలని పెరియార్ మనుషులు రోజూ పోరాటం చేసి జైలుకు పోయినారు.

ఇప్పుడు ఎవరైనా లోపలికి పోవచ్చు. కానీ ఇంకొక రకం ప్రయాణికులు వస్తా ఉండారు. వాళ్లు మాంసమే కాదు, పాలు, పెరుగు, నెయ్యి కూడా తినరు. వీళ్లను వీగన్లు అంటారు. ఆ మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. వీళ్లకు ‘సైవం’ బోర్డు చాలదు. పొంగల్లో నెయ్యి, కాఫీలో పాలు, రవ్వ ఇడ్లీలో పెరుగు ఉంటాయి కదా.

చిత్రమేమంటే, వాళ్లు వెతికే కూడు మన ఇండ్లలో ఎప్పటినించో ఉంది. రాగిముద్ద, ఉలవచారు, చెనక్కాయల ఊరిబిండి, చలికాలంలో పితికిపప్పు కూర. వీటికి పాలచుక్క అక్కర లేదు. వానను నమ్ముకున్న మెట్టచేలల్లో పండిందే ఇదంతా. కాఫీ క్లబ్బుల కాలంలో రాగిముద్దను కూలీల కూడని తక్కువగా చూసినారు, అందుకే అది ఇడ్లీ దోసెల పక్కన చేరలేదు. ఇప్పుడు రోడ్డు పక్క చిన్న అంగళ్లలో ముద్ద బాగానే దొరుకుతుంది. వీగన్ అయినవాళ్లు అక్కడ రెండు మాటలు చెప్పాల: ముద్ద మీద నెయ్యి వెయ్యొద్దని, అంబలిలో మజ్జిగ పొయ్యొద్దని.