సిక్కిం పూలు, స్కాట్లండ్ చలి

1848 ఏప్రిల్‌లో డార్జిలింగ్ చేరిన బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ డాల్టన్ హుకర్ రోడోడెండ్రాన్ల మోజులో పడిపోయాడు. చెట్ల కొమ్మలను కరుచుకుని పెరిగే ఒక జాతికి చేతివెడల్పు తెల్లని గంటపూలు. దానికి గవర్నర్ జనరల్ భార్య పేరు కలిపి 'డల్హౌసియే' అన్నాడు. లేత పసుపు పూల మరో జాతికి మద్రాసు ప్రాంతపు మొక్కలను గ్రంథస్థం చేస్తున్న రాబర్ట్ వైట్ పేరు పెట్టాడు.

ఆ అక్టోబరులో అతని వెంట కొండలెక్కిన బృందంలో 56 మంది. మూటలు మోసి, మొక్కలు కోసి తెచ్చిన సిక్కిం ప్రాంతపు లెప్చా తెగవారి పేరు ఒక్క రోడోడెండ్రాన్‌కూ దక్కలేదు. స్థానికులు ఆకుల్లో వెన్న చుట్టి, చెక్కతో గిన్నెలు, చెంచాలు చేసుకునే చెట్టు ఒకటుంది. దానికీ డార్జిలింగ్‌లో హుకర్‌కు ఆతిథ్యమిచ్చిన హాడ్జ్‌సన్ దొర పేరే.

హుకర్ పంపిన విత్తనాలు లండన్‌లోని క్యూ తోటకు, అక్కడి నుంచి సంపన్నుల తోటలకు చేరాయి. పెంచడం మాత్రం అంత తేలిక కాలేదు. మొక్కలను దెబ్బతీసింది చలికాలం కన్నా దాని చివర వచ్చే దొంగ వెచ్చదనం. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ఎండ కాస్తే మొగ్గలు విచ్చుకునేవి. మార్చిలో ఒక్క రాత్రి మంచు పడితే పూలన్నీ గోధుమరంగుకు మాడిపోయేవి.

దీనికి తోటమాలులు రెండు దారులు వెతికారు. ఒకటి సంకరం. ఉత్తరాఖండ్‌లో బురాంశ్ అనే ఎర్రపూల చెట్టు, నీలగిరుల షోలా అడవుల్లోని ఎర్రపూల చెట్టు ఒకే జాతివి. ఇంగ్లండ్‌లోని హైక్లేర్ ఎస్టేటులో 1820లలోనే ఈ జాతి పుప్పొడిని చలికి తట్టుకునే రకాలతో కలిపి, ఎరుపునూ గట్టిదనాన్నీ ఒకే మొక్కలోకి తెచ్చారు.

రెండోది చోటు చూసి నాటడం. స్కాట్లండ్ పడమటి తీరంలోని ఇన్వర్యూ మాస్కో కన్నా ఉత్తరాన ఉంటుంది. అయినా అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం అక్కడి చలి తీవ్రతను తగ్గిస్తుంది. 1862లో ఆస్గుడ్ మెకెంజీ ఆ బోడి రాతినేల మీద తోటకు పూనుకున్నాడు. ముందు ఉప్పుగాలికి అడ్డుగా పైన్ చెట్లు పెంచాడు, బుట్టలతో మట్టి మోయించాడు. ఆ పైన్లు ఎదిగాకే సున్నితమైన మొక్కలకు చోటు దొరికింది. రోడోడెండ్రాన్ వేళ్లు వెంట్రుకల్లా సన్నగా, నేల పైపొరలోనే అల్లుకుంటాయి. వాటికి ఆమ్లగుణమున్న నేల, పైన కుళ్లిన ఆకుల ఎరువు కావాలి. సున్నపు నేలలో ఆకులు పసుపుబారిపోతాయి. గడ్డకట్టే ఉదయం చూస్తే కొన్ని రకాల ఆకులు కిందికి వాలి, చుట్టలా ముడుచుకుని ఉంటాయి. ఎండెక్కాక మళ్లీ విచ్చుకుంటాయి.

ఈ మోజుకు మూల్యం కూడా పెద్దదే. 18వ శతాబ్దంలో స్పెయిన్ వైపు నుంచి వచ్చిన 'పాంటికం' రకాన్ని నర్సరీలు అంటుకు వేరుమొక్కగా వాడాయి. కత్తిరింపులు మరిచిన చోట అంటు కింది నుంచి లేచిన పాంటికం పిలకలు పై మొక్కను మింగేశాయి. వేటకు దాపుగా ఎస్టేటుల్లో నాటినవీ అడవిలోకి పాకాయి. ఆకుల్లో విషముంటుంది గనుక గొర్రెలు, జింకలు పెద్దగా ముట్టవు. ఐర్లండ్‌లో కిల్లార్నీ ఓక్ అడవుల్లో దాని నీడన ఓక్ మొలకలు లేవలేకపోతున్నాయి. నరికి ఊరుకుంటే మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది కనుక, శుభ్రం చేసిన చోటికే ఏళ్ల తరబడి తిరిగి వెళ్లి కొత్త మొలకలను పీకుతున్నారు.