మన్యపు జ్వరం, వంశవారసత్వం: గోదావరి అటవీ సరిహద్దును గురించి ఒక చారిత్రక పరిశీలన

కొత్తచోటికి వెళ్ళి జబ్బుపడినవారిని గురించి తెలుగువారు ‘ఆ ఊరి నీళ్ళు పడలేదు’ అంటారు. వేంసూరు, సత్తుపల్లి ప్రాంతాల నుంచి అశ్వారావుపేట మీదుగా భద్రాచలం అడవుల వైపు సాగే సరిహద్దు చరిత్రను చదివేటప్పుడు ఈ మాటను తేలికగా తీసుకోకూడదు. ఇందులో నీరు ఒక్కటే లేదు, ఆ నీరు పడవలసిన దేహం కూడా ఉంది. ‘చెడుగాలి’ అని అర్థమిచ్చే ‘మలేరియా’ అనే పేరులో చోటు మాత్రమే ఉంది, మనిషి లేడు. ఒకే అంటు ఒకరిని చంపి మరొకరిని ఎందుకు విడిచిపెడుతుందన్న ప్రశ్న మన్యం చరిత్రకు ఎంత అవసరమో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాలకుల దృష్టిలో జ్వరం

భద్రాచలం తాలూకా 1874లో మధ్యపరగణాల నుంచి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారింది. అయిదేళ్ళకే, 1879లో, రంప తిరుగుబాటు వచ్చింది. అప్పుడైనా, 1922-24లో అల్లూరి సీతారామరాజు పోరాటకాలంలోనైనా బయటి నుంచి వచ్చిన బలగాలకు కొండలతో పాటు జ్వరం కూడా అడ్డంకి అయింది. వలస పాలకులు దీనిని ఆ నేల స్వభావంగా లెక్కగట్టారు. అక్కడి కోయలు, కొండరెడ్లు తట్టుకోవడాన్ని ‘అలవాటు’ అన్నారు. ఈ వివరణ సౌకర్యంగా ఉండేది. ఆ అలవాటు ఎలా అయిందని అడగవలసిన పని ఉండేది కాదు.

రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించడంతో చెడుగాలి సిద్ధాంతానికి కాలం చెల్లింది. జ్వరం ఎలా వస్తుందో తెలిసింది. ఎవరు బతుకుతారన్నది మిగిలిపోయింది.

దానికి జవాబులో పెద్దభాగం వంశవారసత్వానికి చెందినది కాదని ముందే చెప్పాలి. మలేరియా నిత్యం ఉండేచోట పిల్లలు పదేపదే దాని బారిన పడతారు. బతికి బయటపడినవారికి పాక్షికమైన రోగనిరోధకత వస్తుంది. అధికారులు చూసిన ‘తట్టుకునే’ పెద్దలు అలా మిగిలినవారు. మిగలని పిల్లలు ఆ ‘అలవాటు’ లెక్కలోకి రాలేదు.

హాల్డేన్ ఊహ, కాకినాడలో అస్థిపంజరం

రెండవ భాగం జన్యువులది. మధ్యధరా ప్రాంతంలో తలసీమియా అంత ఎక్కువగా ఎందుకుందన్న ప్రశ్నకు, అది మలేరియా నుంచి కొంత రక్షణ ఇస్తూ ఉండవచ్చునని 1949లో జె.బి.ఎస్. హాల్డేన్ సూచించాడు. 1954లో ఆంథొనీ అలిసన్ తూర్పు ఆఫ్రికాలో కొడవలి కణాల విషయంలో దీనికి ఆధారాలు చూపాడు. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరవ స్థానాన ఒక్క అమైనో ఆమ్లం మారితే ఏర్పడే లక్షణమిది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒకే ప్రతి వచ్చినవారికి మలేరియా సోకదని కాదు. సోకినా ప్రాణాంతకమయ్యే అవకాశం బాగా తగ్గుతుంది. రెండు ప్రతులూ వచ్చిన బిడ్డకు మాత్రం రక్తహీనత, కీళ్ళనొప్పులు, తరచు ప్రాణాపాయం. కొందరి రక్షణకు మూల్యం వారి పిల్లల్లో కొందరు చెల్లించారు.

భారతదేశంలో ఈ లక్షణాన్ని 1952లో నీలగిరి గిరిజనుల్లో లేమన్, కట్‌బుష్ గుర్తించారు. ఆ తరువాత కోయలతో సహా గోదావరి మన్యపు తెగల్లోనూ కనిపించింది. హాల్డేన్ 1957లో కలకత్తా వచ్చి భారత పౌరుడయ్యాడు. ఆయన శిష్యుడైన పిఠాపురం వాసి ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి 1960ల తొలినాళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికాలను అధ్యయనం చేశాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించిన హాల్డేన్ దేహం, ఆయన కోరిక మేరకు, కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు చేరింది. ఆ ఊహను ముందుగా చేసినవాడి అస్థిపంజరం మన్యానికి దిగువనే ఉండడం యాదృచ్ఛికమే అయినా, మన విజ్ఞానచరిత్ర రచయితలు దానిని ఇంతగా పట్టించుకోకపోవడం ఆశ్చర్యం.

ఈ తర్కం మలేరియాకే పరిమితం కాదు. 1989లో గుర్తించిన హెపటైటిస్-సి వైరస్ సోకినవారిలో సుమారు 30 శాతం మంది మందులు లేకుండానే ఆరు నెలల్లో దానిని వదిలించుకుంటారు. మిగతావారిలో అది తిష్ఠవేసి కాలేయాన్ని దెబ్బతీయవచ్చు. ఈ తేడాలో కొంతభాగం 19వ క్రోమోజోముపై ఇంటర్‌ఫెరాన్ లామ్డా-3 జన్యువు చెంత ఉన్న ఒక చిన్న వైవిధ్యానిదని 2009లో తేలింది. అక్కడా వైవిధ్యం అంటును ఆపదు, దాని పర్యవసానాన్ని మారుస్తుంది. అయితే కొత్త మందులు వైరస్‌ను 95 శాతానికి పైగా కేసుల్లో నయం చేస్తున్నందువల్ల ఆ జన్యుభేదానికి చికిత్సలో పూర్వపు ప్రాముఖ్యం లేదు. కొడవలి కణాల కథ అలా ముగియలేదు.

వాహకుడు అనే మాట

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. గిరిజన ప్రాంతాల్లో ఏడు కోట్ల మందిని పరీక్షించి, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించాలన్నది లక్ష్యం. పరీక్షించినవారికి జన్యుస్థితిని తెలిపే కార్డులు ఇస్తారు. ఒకే ప్రతి ఉన్న ఇద్దరు పెళ్ళాడితే ప్రతి కాన్పులోనూ వ్యాధిగ్రస్త శిశువు పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికం సహజమైన సమాజంలో ఆ కార్డు పెళ్ళిచూపుల్లోకి వస్తుంది. మేనరికం మానినంత మాత్రాన చాలదు. లక్షణం విస్తృతంగా ఉన్న తెగలో బంధుత్వం లేని జంటకూ ఇదే ముప్పు ఉంటుంది.

ఇక్కడ తెలుగు అధ్యాపకులు చేయగలిగిన పని ఒకటి ఉంది. ఒకే ప్రతి ఉన్న వ్యక్తిని మన వైద్యరచనల్లో ‘వాహకుడు’, ‘వాహకురాలు’ అంటున్నారు. మలేరియాను మోసే దోమనూ ‘వాహకం’ అంటున్నాము. రోగాన్ని ఒకరి నుంచి మరొకరికి చేర్చేదానికీ, రోగం లేకుండా ఒక జన్యుప్రతిని మాత్రమే కలిగి ఉన్న మనిషికీ ఒకే మాట వాడితే, కోయ యువతి చేతిలోని కార్డును వరుడి ఇంటివారు ఎలా చదువుతారో ఊహించవచ్చు. ‘లక్షణధారి’ కొంత మేలు. ‘ఒక ప్రతి ఉన్నవారు’ అంటే ఇంకా స్పష్టం. కోయభాష తెలుగుకు యాస కాదు, ప్రత్యేక ద్రావిడభాష. కనుక ఆ మాటకు ముందుగా కోయలోనే సమానార్థకం వెదకాలి. తెలుగు పదాన్ని ఆ తరువాత స్థిరపరచుకోవచ్చు.