చుట్ట నుంచి హుక్కా దాకా

ఇయ్యాల పంటల ముచ్చట కాదు, పొగ ముచ్చట చెప్త. కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికతో చదవండి.

మా తాత చుట్ట తాగేటోడు. ఆకు తడిపి, ఈనె తీసి, చేతితోనే చుట్టుకునేటోడు. ఒక్కటి తయారు కావాలంటే టైం పట్టేది, అందుకే దినానికి రెండు మూడు దాటేది కాదు.

1930లో హైదరాబాద్‌లో వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ ఏర్పడింది. దాని చార్మినార్ సిగరెట్ ఊరి కిరాణం దుకాణం దాకా వచ్చింది. మిషనే చుట్టి ఇస్తుంటే ఇంక చేతులకు పనేముంది? అగ్గిపుల్ల ఉంటే చాలు. అలవాటు అట్ల సులువైంది.

1998లో మాదాపూర్‌ల సైబర్ టవర్స్ మొదలైంది. శేరిలింగంపల్లి చుట్టు నల్లగండ్ల, నానక్‌రాంగూడ, గోపన్‌పల్లి చేన్లల్ల బిల్డింగులు లేచినయ్. మన పిల్లలు అక్కడికే నౌకరికి పోతున్నరు.

చట్టాలు కూడా వచ్చినయ్. 18 ఏండ్లు నిండనోళ్లకు పొగాకు అమ్మొద్దు, బడికి, కాలేజీకి 100 గజాల లోపల అమ్మొద్దు అని 2003 చట్టం చెప్పింది. 2008 అక్టోబర్ 2 నుంచి ఆఫీసుల లోపల కూడా తాగొద్దన్నరు. పొగ ఆగలేదు, గేటు బయట టీ బండి కాడికి వచ్చింది. అటెన్క హుక్కా సెంటర్లు వచ్చినయ్, 2024 ఫిబ్రవరిల తెలంగాణ అసెంబ్లీ వాటిని నిషేధించింది.

పోయినేడు మా చిన్నోడు పండుగకు వస్తే అంగీ జేబుల సిగరెట్ డబ్బి కనవడ్డది. "చాయ్‌తోని ఒక్కటే నాయినా" అన్నడు. తిడ్దామనుకున్న, నోరు రాలే. వాడు ఎనిమిదేండ్లప్పుడు "పోయి బీడీ కట్ట పట్కరా పో" అని దుకాణానికి పంపింది నేనే.

ఈ చరిత్రల నాకు అర్థమైంది ఒక్కటే. చేతికి ఎంత సులువుగ అందితే అంత తొందరగ అంటుకుంటది. అందకుండ చేసుడు చట్టంతోనే కాదు, మన ఇంటి గడప కాడ కూడా ఉన్నది. పిల్లల్ని బీడీలకు పంపకండి, వాళ్ల ముంగట ముట్టియ్యకండి. మానాలనుకునేటోళ్లకు 1800-11-2356 సర్కారు ఫ్రీ నంబర్ ఉన్నది. నేను బీడీ బంద్ చేసిన. చిన్నోడు కూడా చేస్తనన్నడు, చూడాలె.