పొయ్యి చుట్టూ అల్లుకున్న ఇల్లు

వంట నిమిత్తం మట్టితోగాని రాళ్లతోగాని అమర్చుకొనే నిప్పు నెలవును పొయ్యి అంటారు. తెలుగులో ఈ మాటకు పాత్ర కింది మంట అన్న అర్థంతోపాటు కుటుంబం అన్న అర్థం కూడా ఉన్నది. అన్నదమ్ములు విడిపోతే ‘వేరు పొయ్యి పెట్టుకున్నారు’ అంటారు. రాజకీయ పక్షం చీలితే పత్రికలు ‘వేరు కుంపటి’ అని రాస్తాయి. ఇంట్లో ఆ పూటకు గింజలు లేవని చెప్పడానికి ‘పొయ్యిలో పిల్లి లేవలేదు’ అనేవారు. రాత్రి వెచ్చని బూడిదలో ముడుచుకొని పడుకున్న పిల్లి, తెల్లవారి మంట వేస్తేనే గదా లేచేది! భారత జనగణన సైతం ఇదే లెక్కను పాటిస్తుంది. కలిసి నివసిస్తూ ఒకే వంటింటి కూడు తినేవారే దాని దృష్టిలో ఒక కుటుంబం.

కోలారు, చిక్కబళ్లాపురం, బళ్లారి జిల్లాలలోనూ, హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలోనూ, బరంపురం, పర్లాకిమిడి పట్టణాలలోనూ తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి ఇళ్లలో పొయ్యికి మరొక బాధ్యత కూడా ఉండేది. 1936లో ఒడిశా ఏర్పడింది. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగింది. ఆ తరువాత బడిలో, కచేరీలో, బస్సు పలకపై వేరొక భాష స్థిరపడింది. తమిళనాడులో 2006 నాటి చట్టం పాఠశాలల్లో తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఇంతటి మార్పుల నడుమ తెలుగు బెదరక నిలిచిన చోటు వంటిల్లే. బడిలో ‘బెంకి’ అనో ‘నెరుప్పు’ అనో నేర్చుకున్న పిల్లవాడికి పొయ్యి దగ్గర అవ్వ చెప్పినది ‘నిప్పు’.

ఆ వంటింటి పదసంపద విస్తారమైనది. పెద్ద పొయ్యి పక్కనే, దాని మంటలో మిగిలిన సెగను వాడుకొనేందుకు కట్టేది కోడిపొయ్యి. అన్నం వార్చిన తరువాత చారు, పప్పు అక్కడ చేరి చల్లారకుండా ఉండేవి. పిడకల నిప్పు రోజంతా కునుకుతూ పాలు కాగే గుంట దాలి. అందులో ఎర్రగా మీగడ కట్టిన పాల రుచి గ్యాసు మంటపై రాదు. చేత పట్టుకొని గదినుండి గదికి మోయదగిన బొగ్గుల పొయ్యి కుంపటి. బాలింత గదికి, ముసలివారి మంచం పక్కకు అదే వెళ్లేది. ఇక ఊదుగొట్టం, పటకారు, మసిగుడ్డ, స్నానపు నీళ్లకు కాగు. బియ్యం వేయడానికి ముందు కాగే నీటిని ఎసరు అంటారు. కన్నడంలోనూ అది ఎసరే, తమిళంలో ఉలై. పొయ్యి మాత్రం కన్నడంలో ఒలె, తమిళంలో అడుప్పు, ఒడియాలో చులి. సరిహద్దు ఇళ్లలో ఈ మాటలు ఒకదాని పక్కన ఒకటి తగవు లేకుండా కాపురం చేశాయి. ‘ఎసరు పెట్టాడు’ అంటే ఒకరి బ్రతుకుకు ముప్పు తెచ్చాడన్న అర్థం కూడా ఉన్నదని తెలిసినవారు మాత్రం నానాటికీ తగ్గుతున్నారు.

పొయ్యి దగ్గరి సుఖం తెలిసేది ధనుర్మాసంలో. కోలారు, హోసూరు పీఠభూమిలో మార్గశిర పుష్య మాసాల రాత్రులు చలికి ముడుచుకుంటాయి. అనపకాయల కాలమూ అదే. కన్నడిగులు దీనినే అవరెకాయి అంటారు. సాయంత్రం కాయలు ఒలిచి, గింజలను నీటిలో నానవేస్తారు. బాగా నానిన గింజను బొటనవేలితో, చూపుడువేలితో నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు జారి పళ్లెంలో పడుతుంది. ఇదే పితికిపప్పు. కన్నడంలో హితికిద బేళె. పదిమంది తినే కూరకు ఇద్దరు పితికితే పూట గడిచిపోతుంది. కాబట్టి ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చోవలసిందే. పిల్లల చేతిలో గింజలు ఎగిరి పొయ్యిలో పడేవి, పెద్దలు కసరేవారు, అవ్వ కథ ఎత్తుకొనేది. నివురు కింద గెనుసుగడ్డలు మగ్గుతుండేవి. పని ఏదో, కాలక్షేపం ఏదో విడదీయలేని గంటలవి. పొడుపుకథలు, సామెతలు, చుట్టరికాల లెక్కలు, ఊరి పాత తగవులు పిల్లల చెవిన పడింది ఆ గంటలలోనే. వాటికి వేరే పాఠ్యపుస్తకం లేదు.

పక్కనే పెద్దపొయ్యిపై సంగటి. చిత్తూరు, అనంతపురం వైపు నూకలు ఉడికించి అందులో రాగిపిండి పోస్తారు. కోలారు వైపు ఎక్కువగా పిండి ఒక్కటే. పిండిని వెంటనే కలపరు. నడుమ కుప్పగా పోసి, తెడ్డుతో గుంట చేసి, ఆవిరి పైకి తన్నేదాకా ఉడకనిస్తారు. ఆపైన ఉండలు కట్టకుండా బలంగా గెలకాలి. చేయి తడి చేసుకొని ముద్ద చేయాలి. దీనినే కన్నడంలో ముద్దె అనీ, తమిళంలో కళి అనీ అంటారు. వంద గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నం ఉంటుంది, బియ్యంలో ఉండేది అందులో స్వల్పభాగమే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించక ముందు, ఇది నగరవాసుల కంటికి పేదల కూడుగానే కనిపించింది.

అయితే ఈ చిత్రంలో ఒకరు సుఖంగా కూర్చోలేదు. ఊదుగొట్టం పట్టినది ఆమె. పొగకు కళ్లు ఎర్రబారి, కొంగుతో తుడుచుకుంటూ, అందరికీ వడ్డించి చివరకు చల్లారినది తిన్నదీ ఆమెయే. పాత పొయ్యిని తలచుకొని మురిసేవారిలో దానిముందు గొంతుక్కూర్చొని వండినవారు తక్కువ. ఇళ్లలోని వంటపొగ వలన 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మధ్యవయసు దాటిన స్త్రీల ఆయాసాన్ని, దగ్గును ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకున్న ఇళ్లు ఎన్నో.

ఈ బాధను తగ్గించే యత్నం పొరుగుననే జరిగింది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ఏర్పడిన ‘అస్త్ర’ విభాగం, కట్టెలను ఆదా చేస్తూ పొగను గొట్టం ద్వారా కప్పు బయటకు పంపే మూడు కళ్ల మట్టిపొయ్యిని రూపొందించింది. అది కన్నడ పేరుతోనే ‘అస్త్ర ఒలె’గా పల్లెలకు చేరింది. నడుమ రంపపుపొట్టు పొయ్యిలు, కిరోసిన్ స్టవ్వులు వచ్చాయి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ఆరంభమైన ఉజ్జ్వల పథకం గ్యాసు బండను పేదల ఇంటికి చేర్చాయి. ఉజ్జ్వల కనెక్షన్లు పది కోట్లు దాటాయి. అయినా బండ ధర పెరిగిన నెలలో పల్లె పెరటిలో కట్టెలపొయ్యి మళ్లీ రాజుకుంటుంది. స్నానపు నీళ్లకైతే అనేక ఇళ్లలో అది ఆరనే లేదు.

గ్యాసుతోపాటు వంట నేలనుండి గట్టు మీదికి ఎక్కింది. ఇల్లాలి నడుముకు, కళ్లకు అది మేలు. అయితే నిలబడి వండే చోట ఎవరూ చుట్టూ కూర్చోరు. కూర్చునే చోటు టీవీ ఉన్న గదికి మారింది. అక్కడ మాట్లాడేది టీవీ. సంతలో తోలు తీసిన పితికిపప్పే తూకానికి దొరుకుతున్నది.

బయట భోజనం తెలుగువారికి కొత్త కాదు. కాకతీయుల ఓరుగల్లును వర్ణించే ‘క్రీడాభిరామం’లో పూటకూటి ఇల్లు ఉన్నది. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మ ఉన్నది. అయితే అవి బాటసారులకు, ఒంటరివారికి ఉద్దేశించినవి. ఇల్లు ఉండి బయట తినడం గౌరవప్రదం కాదని భావించేవారు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో కాఫీ క్లబ్బులు వచ్చాయి. నేడు మావళ్లి టిఫిన్ రూమ్స్‌గా పేరొందిన హోటలు బెంగుళూరులో 1924లో మొదలైనది. ఆనాటి క్లబ్బులలో అనేకం బ్రాహ్మణులకు వేరే గది ఉంచినవే. పాత మైసూరు ప్రాంతంలో ముద్దె, మాంసపు పులుసు వడ్డించే ‘మిలిటరీ హోటళ్లు’ మరొక దారిన పెరిగాయి. అక్కడ చాలాకాలం మగవారే కనిపించేవారు.

కుటుంబంతో కలిసి తీరికగా హోటలుకు పోవడం ఇటీవలి తరాల అలవాటు. ముళబాగిలు నుండో హోసూరు నుండో ఆదివారం బెంగుళూరు వెళ్లిన కుటుంబం ‘ఆంధ్రా మీల్స్’ పలక చూసి లోపలికి నడుస్తుంది. విస్తరిలో కందిపొడి, నెయ్యి, ముద్దపప్పు, గోంగూర. ఇంట్లో గోగాకు అనే ఆకును పిల్లలు అక్కడ గోంగూర అని కొత్తగా నేర్చుకుంటారు. సంగటి కోరితే సర్వరు ‘ముద్దెనా?’ అని అడుగుతాడు. బల్ల దగ్గర కాసేపు కన్నడం, కాసేపు తెలుగు. ధరల పట్టీ చేతికి వచ్చినప్పుడు ఇంగ్లీషు. అవ్వ మాత్రం చారును చారనే అడుగుతుంది.

ఈ బల్ల దగ్గర ఒక మార్పు ఉన్నది. వండినామెకు వడ్డించే పని లేదు. అందరితోపాటే కూర్చొని, పొగలు కక్కే అన్నంలో మొదటి ముద్ద నెయ్యితో కలుపుకుంటుంది. మధ్యలో లేవనక్కరలేదు గనుక తన పుట్టింటి సంగతి ఒకటి మొదలుపెడుతుంది. ఆకులు తీసేదాకా అది సాగుతుంది.