మార్జాల గృహప్రవేశము

మన పెద్దలు పిల్లిని ఇంటి ప్రాణిగా గణించిరే కాని, ఇంటిలో బంధింపదగిన ప్రాణిగా ఎన్నడును తలంపలేదు. చెన్నపురి జార్జిటౌనులో మన వర్తకులు కాపురమున్న పాత ఇండ్లకు వీథియరుగు, మండువా, పెరడు ఉండెడివి. బియ్యపు బస్తాలున్నచోట ఎలుకల బాధ తప్పదు. పిల్లి పెంకులమీదుగా వచ్చును, ఎలుకను పట్టును, పొయ్యి ప్రక్క నిద్రించును, తనకు తోచినప్పుడు పోవును. ఈనిన పిల్లి కూనలను ఏడిండ్లు త్రిప్పునని మనవారి నానుడి.

పిల్లికిని మానవునకును గల మైత్రి ధాన్యముతో పుట్టినది. పశ్చిమాసియాలో సేద్యము నేర్చిన జనులు గాదెలు నింపుకొనగా ఎలుకలు చేరినవి. ఎలుకల వెంట అడవిపిల్లి చేరినది. సైప్రసు ద్వీపమున సుమారు 9,500 ఏండ్లనాటి సమాధిలో మనుష్యుని చెంతనే ఒక పిల్లి అస్థిపంజరము బయల్పడినట్లు 2004లో పరిశోధకులు ప్రకటించిరి. ఆ దీవిలో పిల్లులు సహజముగా లేవు. కావున పడవలో తోడ్కొనిపోయి యుందురు. కుక్కవలె దానిని మనము ఆజ్ఞకు లోబఱచలేదు. అదియే మన గడప యెక్కినది. దాని స్వభావమంతయు ఈ చరిత్రలోనే యున్నది.

మనకు సమీపముననే మహాబలిపురపు పెద్ద శిల్పఫలకమున, 7వ శతాబ్దినాటి పల్లవ శిల్పి, ముంగాళ్ళు పైకెత్తి తపస్సు నటించు పిల్లిని, దాని చెంత ఎలుకలను చెక్కియున్నాడు. తెంగలై వైష్ణవులు శరణాగతికి మార్జాల కిశోర న్యాయమును చెప్పుదురు: తల్లి నోట కఱచుకొనగా కూన తన్ను తాను మఱచి యుండును. కాని ఆ న్యాయము కూనకే చెల్లును. ఎదిగిన పిల్లిని మెడపట్టి యెత్తరాదు.

కాలము మాఱినది. 1996లో కొత్వాల్‌చావడి కూరగాయల అంగళ్ళు కోయంబేడునకు తరలినవి. నగరమున పాత యిండ్లు పెక్కు పడగా, వానిచోట అంతస్తుల మేడలు లేచినవి. ఇల్లు మాఱు కుటుంబము తఱచు పిల్లిని వెనుక విడిచి, ‘పిల్లి ఇంటిని నమ్మును కాని మనిషిని నమ్మదు’ అని మనస్సును సమాధానపఱచుకొనును. ఇది సగము సత్యమే. పరిచితమైన తావును, వాసనను పిల్లి మిక్కిలి నమ్మును; అన్నము పెట్టిన చేతిని కూడ ఎఱుగును.

కావున తీసికొనిపోవువారు తొలుత దాని కొక్క గదినే చూపవలెను. అది పండుకొన్న పాత గోనెను ఉతుకక అక్కడ పఱచి, దాగుటకొక అట్టపెట్టె నుంచవలెను. తెనాలి రామకృష్ణుని కథలోని పిల్లి ఒక్కమాఱు వేడిపాలకు మూతి కాలి, పిమ్మట పాలను చూచినంతనే పరుగెత్తినది. తొలినాటి భయము అట్లే నిలుచును, దండన పనికిరాదు. 1947లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున ఎడ్వర్డ్ లో అనునతడు పొరుగామె పిల్లికి ఇసుకకు బదులు తేమను పీల్చు మట్టిరవ్వల నిచ్చెను. పిల్లి ఇంటిపట్టున నుండుట అప్పటినుండి సుకరమైనది. మన పిల్లికి మొదట పాత పెరటి మన్నునే తొట్టెలో పోసి, క్రమముగా మార్చవచ్చును. కిటికీలకును బాల్కనీకిని గట్టి వల తప్పదు. గోళ్ళు గీరుటకు కొబ్బరిత్రాడు చుట్టిన కొయ్య చాలును. వేకువను, సంజవేళను అది వేటగోరును గనుక అప్పుడు ఆడించి, వెంటనే ఆహార మిడవలెను.

శాకాహార గృహములలో ఒక చిక్కు కలదు. పెరుగన్నముతోనే పిల్లి బ్రతుకుచున్నదని మనము భ్రమపడితిమి. నిజమునకు తక్కిన భోజనమును అది బయట వేటాడుకొనుచుండెను. మాంసాహారమున లభించు టారిన్ అను పదార్థము లోపించినచో పిల్లికి చూపును గుండెయు చెడును. తలుపు మూసిననాడు ఆ బాధ్యత మనపై బడును. పశువైద్యుని సలహాతో తగిన ఆహారమును తెప్పింపవలెను.

ఇందుకు మన నగరమున సాయము కొఱతలేదు. 1903లో వెలసిన మద్రాసు పశువైద్య కళాశాల వేపేరియందున్నది. కెప్టెన్ సుందరము, ఉషా సుందరము దంపతులు 1959లో స్థాపించిన బ్లూక్రాస్ సంస్థ 1964లోనే వీథికుక్కలను చంపుటకు మాఱు సంతాననిరోధ శస్త్రచికిత్సను చేపట్టినది. పిల్లికిని ఆ చికిత్సయు రేబిసు టీకాయు చేయించినచో తిరుగుబోతుతనమును అపాయమును తగ్గును. కూననాడు మనుష్యస్పర్శ నెఱుగని వీథిపిల్లిని మాత్రము గదిలో నిర్బంధించుట దయ కాదు. చికిత్స చేయించి దాని తావుననే విడుచుట మేలు.

ఊళ్ళు విడిచి ఈ పట్టణమున స్థిరపడిన కుటుంబములకు క్రొత్త గడపయెదుట కలుగు బెదురు తెలియనిది కాదు. మన ధాన్యమును తరతరములు కాచిన ప్రాణి వారముల తరబడి మంచముక్రింద దాగినను ఓపిక పట్టుదము. ఒకనాటి సంజవేళ అది తానై వెలికివచ్చి మన పాదమునకు తల రాచును. నాటికే దాని గృహప్రవేశము ముగిసినట్లు.