ఒంగోలు కొండమీది నిరీక్షణ

నెల్లూరు, ఒంగోలు ప్రాంతముల క్రైస్తవసంఘ చరిత్రను వ్రాయబూనువారు సాధారణముగా 1878వ సంవత్సరము జూలై 3వ తేదీని ముందు పేర్కొని, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లివద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన వృత్తాంతమును ఆశ్చర్యముతో వర్ణింతురు. ఆ దినము ఆశ్చర్యకరమే. కాని దానికి పూర్వము గడచిన నలువదిరెండు వత్సరములును, అందు విశేషించి తుది పదునేను మాసములును, నా దృష్టికి అంతకంటె మహత్తరములు. దేవుని సమయమునకై కనిపెట్టుకొనియుండుట యెంత కష్టమో, ఎంత నిష్ఠతో గూడిన పనియో ఆ కాలమే చెప్పగలదు.

అమెరికా బాప్తిస్టు మిషనువారు పంపగా సామ్యూల్ డే అను బోధకుడు 1836లో విశాఖపట్టణము చేరి, శ్రీకాకుళమునందును చెన్నపట్టణమునందును కొంతకాలము గడపి, 1840లో నెల్లూరున స్థిరపడెను. ఆ యేడే పెన్నానదిలో ఓబులు అను తెలుగువాడు బాప్తిస్మము పొందెను. 1844లో సంఘము ఏర్పడినపుడు అందలి సభ్యులు ఎనమండుగురు. బజారులందును తిరునాళ్లయందును గొంతు చించుకొని బోధించినందుకు ఫలము అంతే. ఆరోగ్యము చెడి స్వదేశమునకు పోయిన డే, 1849లో లైమన్ జూయెట్ అను యువకుని వెంటబెట్టుకొని మరలి వచ్చెను గాని, పంట మాత్రము పెరుగలేదు. వ్యయమును ఫలమును బేరీజు వేసికొన్న మిషను పెద్దలు, 1853లో ఆల్బనీ నగరమున గూడిన సభలో ఈ కేంద్రమును మూసివేయుదమా యని తర్కించిరి. పటమునందు తెలుగుదేశమున ఒంటరిగా నిలిచిన చుక్కను తలచి సామ్యూల్ స్మిత్ అను కవి ఆ సందర్భమున రచించిన గీతము సభవారి హృదయములను కరగించగా, మిషను నిలిచినది. తెలుగు మిషనుకు ‘ఒంటి నక్షత్రము’ అను పేరు నాటినుండియే కలిగెను.

మరుసటి సంవత్సరాది, 1854 జనవరి 1వ తేదీన, తెల్లవారకమునుపే అయిదుగురు ఒంగోలు కొండ నెక్కిరి: జూయెట్ దంపతులు, నరసు అను బోధకుడు, జూలియా, రూతు అను ఇరువురు స్త్రీలు. కీర్తన పాడి, యెషయా గ్రంథము చదివి, ఒకరి తరువాత నొకరు మోకరించి ప్రార్థించిరి. సూర్యోదయవేళ జూయెట్, క్రింద గచ్చపొదలతో నిండిన యొక బీడును చూపి, అది మిషను స్థలము కావలెనని కోరుదువా యని జూలియా నడిగెనట. కొలది యేండ్లకు ఆ నేల మిషనువారిదైనది; అందు నివసింపవలసిన బోధకుడు మాత్రము వచ్చుటకు పండ్రెండేండ్లు పట్టినది. ఆ నడుమ 1862లో మిషనును మూయు ప్రస్తావము మరల రాగా, తానొక్కడనే యైనను తెలుగువారి యొద్దకు మరలిపోయి అచ్చటనే ప్రాణము విడిచెదనని జూయెట్ పట్టుబట్టెను.

1865లో వచ్చిన జాన్ క్లౌ అను బోధకుడు, మరుసటి యేడు ఒంగోలున కాపురముండెను. 1867లో అచ్చట సంఘము స్థాపించునాటికి సభ్యులు, నెల్లూరున వలెనే, ఎనమండుగురు. తోళ్ల వర్తకముపై ఉత్తరదేశము తిరుగుచు ఏలూరిలో సువార్త విన్న యెర్రగుంట్ల పేరయ్య తన మాదిగవారి నడుమ చేసిన బోధయే తరువాతి వృద్ధికి మూలము. దొరల పేళ్లతో నిండిన గ్రంథములు పేరయ్యకు తగిన చోటీయలేదని నా అభిప్రాయము.

పిమ్మట ధాతకరవు వచ్చెను. 1876 మొదలు వానలు తప్పి, పల్లెలు పాడువడి, జనులు ఆకులలములు తిని బ్రతుకుచుండగా, పూర్వము భూములు కొలుచు ఉద్యోగము చేసియుండిన క్లౌ, బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు పుచ్చుకొనెను. బోధకులే మేస్త్రీలై తట్టలు మోయువారిని నడపించిరి. అలసి కూర్చున్న వేళల వారితో మాటలాడిరి. వేలకొలది జనులు తమ్మును సంఘమున చేర్చుకొమ్మని వేడుకొనిరి. అప్పుడు క్లౌ చేసిన పని నాకెన్నటికిని మరపురాదు: కూలిడబ్బు అందుచున్నంతకాలము ఒక్కనికైనను బాప్తిస్మ మీయకూడదని పదునేను మాసములు ఆపివేసెను. ఏండ్ల తరబడి జనులు రాలేదని కనిపెట్టిన మిషను, జనులు వచ్చి వాకిట నిలిచినపుడును కనిపెట్టవలసివచ్చినది. ఈ రెండవ నిరీక్షణయే కఠినతరము. ఏలయన అందు దైవము ఆలస్యము చేసినదని చెప్పుకొనుటకు వీలులేదు, తొందరపడుట తనచేతిలోనే యున్నది.

కరవుపని ముగిసి, ఇక ఇచ్చుటకు సొమ్ము లేదని చాటింపబడిన తరువాత, 1878 జూన్‌లో గాని బాప్తిస్మములు మరల మొదలు కాలేదు. అయినను వచ్చినవారు వచ్చుచునే యుండిరి. జూలై 3వ తేదీన ఆర్గురు తెలుగు బోధకులు ఇరువురిరువురుగా నీటిలో నిలిచి, వంతుల వారీగా 2,222 మందిని ముంచిరి. ఏడాది ముగియునాటికి ఆ సంఖ్య 9,000 దాటెను. తొలి విత్తనము చల్లిన డే 1871లోనే స్వదేశమున గతించెను.

ఆ పదునేను మాసములలో తిరిగి పంపబడినవారు ఏ విశ్వాసముతో ఇండ్లకు పోయి, ఏ మాటలు చెప్పుకొని కాలము గడపిరో మిషను నివేదికలు చెప్పినది స్వల్పము. ఒంగోలు ప్రాంతపు పల్లెలలోని పెద్దలు, తమ తాతముత్తాతల నోట విన్నంతమేరకు ఆ సంగతులను పేళ్లతో సహా వ్రాసి భద్రపరుపవలెనని ప్రార్థించుచున్నాను.